రాణికి ఐదు మార్కులు

రియాద్,
23 జనవరి 2004

ఉజ్జీ,

ఫోనులో చెప్పొచ్చుగా, ఉత్తరమెందుకు అనుకుంటున్నావేమో. ఫోను మోగితే చాలు, నీ కూతురు సోఫా చేతి మీదికెక్కి కూర్చుని రిసీవరుకి ఇవతలి వైపు చెవి ఆనిస్తుంది. అటువైపు మీ ఆసుపత్రి ఆపరేటరు ఉండనే ఉన్నాడు. నేను చెప్పబోయేది వాళ్ళిద్దరూ వినాల్సింది కాదు.

ముందు మంచి కబురు. మా ఇంట్లో శుక్రవారం తెలుగు క్లాసు బాగా నడుస్తోంది. పిల్లలకి గుణింతాలు వచ్చేశాయి గానీ సొంతంగా నాలుగు ముక్కలు రాయమంటే పెన్సిలు కొరుకుతూ కూర్చుంటున్నారు. అందుకని ఒక ఉపాయం చేశాను. మీ బావగారు బతా బజార్లో దిలావర్ కొట్లో కొన్న బొమ్మల సినిమా క్యాసెట్టు ఉందిగా, అదే, నీ చిన్నప్పుడు బాపట్లలో నేను నిన్ను మార్నింగ్ షోకి తీసుకెళ్ళిన గాలి రాక్షసుడి కథ. రాక్షసుడు ఎత్తుకుపోతాడని భయపడి రాణి తన పసిబిడ్డను కొండ అవతల పిండిమర ఆవిడ దగ్గర దాస్తుంది. పిల్ల అక్కడే పెరిగి, పదహారేళ్ళు నిండాక కోటకి తిరిగి వెళ్తుంది. ఆ క్యాసెట్టు చూపించి, ఒక్కొక్క పాత్రకి నూటికి ఎన్ని మార్కులు వేస్తారో, ఎందుకు వేస్తారో రాయమన్నాను.

మిగతా పిల్లలంతా రాకుమారుడికి నూరు, మాట్లాడే మేకకి నూరు వేసి ఊరుకున్నారు. మన చరిత ఉందే, హెడ్మాస్టరులా దిద్దింది. పిండిమర ఆవిడకి తొంభై. "పది ఎందుకు తగ్గించానంటే పాలలో మీగడ తీయకుండా ఇస్తుంది" అని రాసింది. ఆ సినిమాలో పాలూ లేవు, మీగడా లేదు. అది నాకు తగిలించిన చురక. రాజుకి అరవై, మీసాలు బాగున్నందుకు. గాలి రాక్షసుడికి నలభై. చెడ్డవాడే కానీ రోజూ వచ్చి తలుపు కొడతాడట.

రాణికి ఐదు. ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "ఐదూ గౌను బాగున్నందుకు. రాణికి గుర్రాలున్నాయి, బండి ఉంది. కిటికీ దగ్గర కూర్చుని ఏడుస్తుంది గానీ ఒక్కసారి కూడా పిల్లని చూడ్డానికి రాలేదు."

పదేళ్ళ పిల్ల అంత సూటిగా రాస్తే ముచ్చటేయదూ? క్లాసులో పైకి చదివాను. పిల్లల్ని తీసుకెళ్ళడానికి వచ్చిన తల్లులు కూడా చప్పట్లు కొట్టారు. మొదటి బహుమతి, జామెట్రీ బాక్సు, దానికే ఇచ్చాను.

ఇక అసలు సంగతి. జూన్ సెలవుల్లో నువ్వూ భరణీ దాన్ని బాపట్ల తీసుకెళ్దామనుకుంటున్నారుగా. అది రానంటోంది. నేను పెద్దమ్మతోనే ఉంటాను, అమ్మతో వెళ్ళను అని మీ బావగారితోనూ చెప్పింది, నాతోనూ చెప్పింది. బలవంతపెట్టకు. టిక్కెట్లు తీసే ముందు నీకు తెలియాలని రాశాను. కోపం తెచ్చుకోకు.

నీ అక్క
కామేశ్వరి


అఫీఫ్,
2 ఫిబ్రవరి

అక్కా,

కోపం తెచ్చుకోకు అని చివర రాశావు. అది మొదటే రాయాల్సింది. నాకు మీగడ దగ్గరే వచ్చేసింది.

నా కూతురు నా గురించి రాసిన దాన్ని అంతమంది ఆడవాళ్ళ ముందు పైకి చదివి, చప్పట్లు కొట్టించి, బహుమతి కూడా ఇచ్చావు. రాసింది రాణి గురించి కదా అనకు. మీగడ నీకు చురక అయినప్పుడు ఐదు మార్కులు నాకు కావా? ఆ తల్లుల్లో సగం మందికి నేను తెలుసు. పాపం, ఆ పిల్ల తల్లి ఎక్కడో కాన్పులు చేసుకుంటూ ఉంటుందట అనుకుంటూ ఇళ్ళకి పోయి ఉంటారు. అవును, చేస్తూనే ఉంటాను. ఈ ఊళ్ళో మన పిల్లలు చదివే స్కూలు లేదు కాబట్టే చరితను నీ దగ్గర ఉంచాను. ఇక్కడ కాన్పులు చూసే ఆడ డాక్టర్లం ఇద్దరం ఉండేవాళ్ళం, ఒకావిడ ఉద్యోగం వదిలి ఎగ్జిట్ వీసా కొట్టించుకుని వెళ్ళిపోయింది. నాకు సెలవిస్తే భరణికి ఇవ్వరు, భరణికిస్తే నాకివ్వరు. ఈ దేశంలో ఆడదాన్ని ఒక్కదాన్నే కారు తోలుకుంటూ ఎడారి దాటి రాలేను. ఇవన్నీ నీకు తెలియనివా?

రాజుకి అరవై ఏమిటసలు? బిడ్డను పంపించేటప్పుడు ఆయనేం చేశాడు? సింహాసనం మీద కూర్చుని మీసం దువ్వాడు. ఆయన్ని ఎవ్వరూ ఒక్క మాట అనరు. ఇక్కడా అంతే. భరణి ఎక్స్‌రే గదిలోంచి బయటికి రాడు, చరిత ఒక్కనాడైనా నాన్న రాలేదేం అందా? నాన్నకి డ్యూటీ ఉంటుంది. అమ్మకి మాత్రం గుర్రాలుంటాయి.

ఇంకోటి. రాణి రాలేదని ఎవరు చెప్పారు? సినిమా మధ్యలో తిరునాళ్ళ ఉంది. సారా కొట్టు ముందు, పీపాల పక్కన, రాణి చిరుగుల శాలువా కప్పుకుని రిబ్బన్లు అమ్ముతూ వస్తుంది. పిల్ల జడ పక్కన నీలం రిబ్బను పెట్టి చూస్తుంది. ఇద్దరూ చేతులు పట్టుకుని గుండ్రంగా తిరుగుతూ ఆడతారు. రాక్షసుడు వింటాడన్న భయంతో తానెవరో చెప్పకుండా వెళ్ళిపోతుంది. నేను హాల్లో వెక్కి వెక్కి ఏడిస్తే నువ్వే నీ ఓణీ చెంగుతో నా ముక్కు తుడిచావు. ఆ సినిమాకి అదే ప్రాణం. అది చూసి కూడా పిల్ల ఐదే వేసిందా? లేక ఆ సీను వచ్చేసరికి నువ్వు టీ పెట్టడానికి లేచి, దాన్నీ లేపుకుపోతావా?

రాణి సంగతి వదిలెయ్. నేను రాలేదా? రంజాన్ నెలలో మా ఫార్మసిస్టు మస్తాన్ వలీ గారూ, ఆయన భార్య మాబున్నీ రియాద్ వస్తుంటే వాళ్ళ కార్లో వచ్చాను. చరితకి జ్వరం, మందు వేసుకుని పడుకుంది. లేపొద్దన్నావు. మధ్యాహ్నమంతా దాని పాదం పట్టుకుని కూర్చున్నాను. వాళ్ళు బయల్దేరితే నేనూ బయల్దేరక తప్పలేదు. నేను వచ్చి వెళ్ళానని దానికి తెలుసు. తెలిసి కూడా "ఒక్కసారి కూడా రాలేదు" అని ఎలా రాసింది? అడిగి రాయి. జూన్‌లో దాన్ని తీసుకెళ్తాను. టిక్కెట్లు తీస్తున్నాను.

ఉజ్వల


రియాద్,
14 ఫిబ్రవరి

డాక్టరు గారికి,

అంత సీనేం లేదు. నిజంగానే లేదు. నీ కూతురు స్కూలు నుంచి రాగానే జడలు విప్పించుకుంటూ రోజూ ఆ సినిమానే చూస్తుంది. దాంతోపాటు నేనూ చూస్తాను, వేరే దారి లేదు కాబట్టి. మేక ఎప్పుడు తల తిప్పుతుందో కూడా నాకు తెలుసు. తిరునాళ్ళ ఉంది. జెండాలు కనిపిస్తాయి, డప్పు మోగుతుంది, వెంటనే పిండిమర ఆవిడా పిల్లా బండి మీద ఇంటికొచ్చేస్తారు. అంతే. రిబ్బన్లూ లేవు, చిరుగుల శాలువా లేదు. నీకు కావలసిన సీను నువ్వే కల్పించుకున్నావు. కావాలంటే కల్పించుకో. నేను పిల్లని టీ నెపంతో లేపుకుపోతున్నానని మాత్రం అనకు. టీ పెట్టేది మీ భరణీ కాదు, మీ బావగారూ కాదు, నేను. అదైనా మానమంటావా?

మార్కులు తప్పు వేసిందంటున్నావు. సరే, నువ్వే వెయ్యి. పిండిమర ఆవిడ ఏం చేసింది? తెల్లారి లేచి విసిరింది, వండింది, స్నానం పోసింది, పిల్లకి మశూచి వస్తే పక్కన కూర్చుంది. రాణి ఏం చేసింది? కిటికీ దగ్గర ఏడ్చింది. ఏడ్చింది కాబట్టి ఆవిడ అమ్మ, విసిరింది కాబట్టి ఈవిడ పనిమనిషి. ఇదేనా నీ లెక్క?

నీ కూతురి తలలో పేలు ఏరింది నేను. లాంగ్ డివిజన్ రాక పుస్తకం విసిరికొడితే తిట్టి మళ్ళీ కూర్చోబెట్టింది నేను. స్కూలు వ్యాను రాకపోతే మీ బావగారి ఆఫీసుకి ఫోను చేసి ఆయనతో మాటలు పడింది నేను. మా పునీత్ ఇంజనీరింగని విజయవాడ వెళ్ళాక నేను మళ్ళీ యూనిఫారాలు ఇస్త్రీ చేయాలని ముచ్చటపడలేదు. నువ్వు అడిగావు, చెల్లెలివి కాబట్టి చేశాను. చేస్తున్నందుకు ఒక పిల్ల నాకు తొంభై వేస్తే దానికి కూడా నువ్వు ఏడవాలా?

ఆ సినిమా ఆఖర్న ఏమవుతుందో నీకు గుర్తుందో లేదో, నాకు బాగా గుర్తుంది. పిల్ల బండెక్కుతుంది. పిండిమర ఆవిడ గుమ్మంలో నిలబడి చెయ్యి ఊపుతుంది. తరువాత కోటలో దీపాలు, పాటలు, డాన్సులు. మేక కూడా ఆడుతుంది. ఆవిడ మాత్రం అక్కడ ఉండదు. ఎవ్వరూ పిలవలేదు. ఆ తరువాత ఆవిడ ఏమైందో సినిమాలో చెప్పరు. మేకను పిలిచినవాళ్ళకి ఆవిడ గుర్తు రాలేదంటే ఎంత మంట పుడుతుందో నీకు తెలీదులే.

టిక్కెట్లు తీస్తానంటున్నావు. తియ్యి. పిల్లని విమానం దాకా ఈడ్చుకుపోయేది కూడా నువ్వే అయితే.

కామేశ్వరి


అఫీఫ్,
2 మార్చి

కామేశ్వరి గారికి,

పోయిన వారం మాబున్నీ వాళ్ళింటికి వెళ్ళాను. వాళ్ళ పిల్లల దగ్గర ఆ సినిమా సీడీ ఉంది, గుంటూరు నుంచి తెచ్చుకున్నది. వేయమని బతిమాలాను. తిరునాళ్ళ వచ్చింది. సారా కొట్టు వచ్చింది, పీపాలు వచ్చాయి. చిరుగుల శాలువాతో రాణి వచ్చింది. నీలం రిబ్బను వచ్చింది. నేను కల్పించుకోలేదు. పిచ్చిదానిలా టీవీకి వేలు పెట్టి చూపిస్తుంటే మస్తాన్ వలీ గారు నవ్వి చెప్పారు.

"ఇక్కడ కొట్లల్లో అమ్మే క్యాసెట్లల్లో సారా కొట్లు, సారా పీపాలు ఉండనీరు డాక్టరమ్మా. కత్తిరించినాకే కొట్లోకొస్తయ్."

అంతే సంగతి. మనిద్దరం పోట్లాడుకున్నది ఒకే సినిమా గురించి కాదు. నాకు నవ్వొచ్చింది. నువ్వూ అబద్ధం చెప్పలేదు, నేనూ చెప్పలేదు అని నీకు మంచి ఉత్తరం రాయాలనుకున్నాను. కాగితం కూడా తీసి పెట్టాను.

ఇంతలో గురువారం చరితకి ఫోను చేశాను. నువ్వు మార్కెట్టుకి వెళ్ళావట, అదే ఎత్తింది. మాటల్లో, రంజాన్ నెలలో నీకు జ్వరమొచ్చినప్పుడు నేను పాదం పట్టుకుంటే నిద్రలో తన్నావే అన్నాను, నవ్వుతుందని. నవ్వలేదు, అడిగింది.

"నువ్వెప్పుడొచ్చావు?"

చెప్పాను. మస్తాన్ వలీ గారి కార్లో వచ్చానని, మధ్యాహ్నమంతా మంచం మీదే కూర్చున్నానని, ఆకుపచ్చ స్వెట్టరు తెచ్చానని.

"స్వెట్టరు ఆ అంకుల్ తెచ్చిచ్చారని పెద్దమ్మ చెప్పింది. నువ్వు రాలేదు. అబద్ధాలు చెప్పకు" అని ఫోను పెట్టేసింది.

నా కూతురు నన్ను అబద్ధాలకోరు అంది. అనిపించింది నువ్వు. నా ఉత్తరంలో అంత సూటిగా అడిగితే ఆ ఒక్క ముక్కకి తప్ప అన్నిటికీ జవాబు రాశావు, పేల దగ్గర్నుంచి. అప్పుడే నాకు అర్థమై ఉండాల్సింది.

ఆ సినిమా కత్తిరించినవాడెవడో ఒక గదిలో కూర్చుని కత్తిరించాడు. వాడికి పీపాలు కనిపించాయి, తల్లి కనిపించలేదు. వాణ్ణి నేనేమీ అనను. నీకు నేను కనిపించాను. నేను చెప్పులు తొడుక్కుంటూ ఏడుస్తుంటే నువ్వు నా వీపు నిమిరావు. నిమిరి, అది లేచాక స్వెట్టరు ఎవరో అంకుల్ ఇచ్చాడని చెప్పావు. నీకు తొంభై ఎందుకు వచ్చిందో, ఎంత చేసినా నాకు ఐదే ఎందుకు వచ్చిందో ఇప్పుడు తెలిసింది. మార్కులు పిల్ల వేయలేదు.

మస్తాన్ వలీ గారు వచ్చే వారం రియాద్ వస్తున్నారు. సీడీ ఆయనతో పంపుతున్నాను. దాన్ని చరితకి చూపించు. చూపించాక నేను వచ్చానని నీ నోటితో చెప్పు. చెప్పకపోతే నేను ఉద్యోగం వదిలేసి వచ్చి నీ గుమ్మంలో నిలబడి చెప్తాను. అప్పుడు మన మధ్య ఇంక ఉత్తరాలుండవు.

ఉజ్వల


రియాద్,
19 మార్చి

ఉజ్వలకి,

అవును, చెప్పలేదు. క్షమించమని రాస్తానని చూడకు. ఎందుకు చెప్పలేదో చదువు, తరువాత ఎన్ని తిట్లయినా తిట్టు.

సెప్టెంబరులో దాన్ని దిగబెట్టడానికి నువ్వూ భరణీ వచ్చి ఒక పూట ఉండి వెళ్ళారు. మీరు కారెక్కి చెయ్యి ఊపి వెళ్ళిపోయారు. తరువాత ఏమైందో నువ్వు ఎప్పుడూ అడగలేదు, నేనూ చెప్పలేదు. అది బాల్కనీ ఊచలు పట్టుకుని నిలబడింది. లోపలికి రమ్మంటే రాలేదు. అన్నం పెడితే కక్కుకుంది. నువ్వు మర్చిపోయిన చున్నీ దిండు కింద పెట్టుకుని, ఉతుకుతానంటే నా చెయ్యి కొరికింది. ఆ మచ్చ ఇంకా ఉంది. స్కూల్లో బట్టలు తడుపుకుందని టీచరు పిలిపించింది. అయిదో క్లాసు పిల్ల, ఉజ్జీ. అది మళ్ళీ మామూలుగా నవ్వేసరికి మీ బావగారూ నేనూ సగం అయిపోయాం.

అందుకని రంజాన్‌లో లేపొద్దన్నాను. లేపితే నీకు ఒక మధ్యాహ్నం దక్కేది. ఆ తరువాతదంతా నాకు దక్కేది. నువ్వు వచ్చి వెళ్ళావని చెప్తే లేపకుండా ఎందుకు వెళ్ళిందని అడుగుతుంది. దానికి నేనేం చెప్పాలి? అందుకే రాలేదన్నాను. సుఖంగా చెప్పలేదు. కానీ అది ఆ సాయంత్రం జావ తాగింది, బొమ్మలు వేసుకుంది, పడుకుంది. అది చూసి, నేను చేసింది సరైనదే అనుకున్నాను. ఇప్పటికీ సగం అలాగే అనుకుంటున్నాను. మిగతా సగం ఎందుకు పోయిందో కింద రాస్తాను.

సీడీ వచ్చింది. నేను వంటింట్లో ఉండగా మీ బావగారు కంప్యూటర్లో వేశారు. తిరునాళ్ళ డప్పు ఆగి మళ్ళీ మళ్ళీ మోగడం వినిపించింది. వెళ్ళి చూస్తే చరిత ఆ ఒక్క ముక్కనే వెనక్కి తిప్పించి మళ్ళీ చూస్తోంది. నేనూ చూశాను. నువ్వు చెప్పినట్టే ఉంది. బాపట్ల హాల్లో నేను తెర చూడలేదే, నువ్వు భయపడతావేమోనని నీ మొహమే చూస్తూ కూర్చున్నాను. అందుకే గుర్తు లేదు.

అది నా వైపు తిరిగి అడిగింది, అరవలేదు కూడా.

"అమ్మ నిజంగా వచ్చిందా పెద్దమ్మా?"

వచ్చిందన్నాను. నీ నోటితో చెప్పమన్నావుగా, చెప్పాను. స్వెట్టరు కూడా చెప్పాను. అది లేచి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. అప్పట్నుంచి నాతో మాట్లాడడం లేదు. మంచినీళ్ళు కావాలన్నా పెదనాన్ననే అడుగుతోంది. సెప్టెంబరులో ఏడ్చింది, కొరికింది. అదే నయం అనిపిస్తోంది ఇప్పుడు. ఏడ్చే పిల్లని ఎత్తుకోవచ్చు.

నీకేదో రాసింది. కవరు అడిగి తీసుకుని అంటించి ఇచ్చింది. నేను చదవలేదు. చదవనని మాటిచ్చాను. ఈ ఇంట్లో నా మాటకి ఇప్పుడేమీ విలువ లేదు గానీ, అయినా చదవలేదు.

టిక్కెట్లు తీసెయ్. వస్తుందో రాదో అదే చెప్తుంది.

అక్క


రియాద్

అమ్మకి,

పెద్దమ్మ ఇది చదవనంది. చదివినా నాకు ఫరవాలేదు.

సీడీ చూశాను. రాణి వచ్చింది. నువ్వు వచ్చావని కూడా పెద్దమ్మ చెప్పింది. ఫోనులో అబద్ధాలు చెప్పకు అన్నాను కదా, అది తప్పు. సారీ.

కానీ రాణికి మార్కులు పెంచను. ఐదే. ఎందుకంటే ఆ అమ్మాయికి తెలీదు. రిబ్బన్లు అమ్మే ఆవిడ అనుకుంది. ఇంటికి వెళ్ళాక మా అమ్మ ఈసారి కూడా రాలేదు అనుకుని ఉంటుంది. రాణి చూసుకుని వెళ్ళింది, రాణికి బాగానే ఉంటుంది. ఆ అమ్మాయి ఎవరినీ చూడలేదు.

ఆ సీన్లో పిండిమర ఆవిడ కూడా ఉంది. నువ్వు చూశావా? వెనకాల పీపా పక్కన నిలబడి ఉంటుంది. ఆవిడకి రాణి అని తెలుసు, తల కొంచెం వంచి దణ్ణం పెడుతుంది. తెలిసీ ఆ అమ్మాయికి చెప్పలేదు. అందుకని తొంభై తీసేసి ముప్ఫై చేశాను. కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించాను. పెద్దమ్మ చూసి ఏడ్చింది. ఇవాళ పాలలో మీగడ తీసి ఇచ్చింది. అయినా ముప్ఫయ్యే.

రాజుకి సున్నా. ఆయన తిరునాళ్ళకి కూడా రాలేదు. ఈ మాట నాన్నకి చదివి వినిపించు.

గాలి రాక్షసుడికి డెబ్భై చేశాను. వాడు తలుపు కొట్టి, నేను వచ్చాను అని గట్టిగా చెప్తాడు.

జామెట్రీ బాక్సు వెనక్కి ఇచ్చేస్తానంటే పెదనాన్న వద్దన్నారు. స్వెట్టరు నువ్వు తెచ్చావని తెలిశాక కోపమొచ్చి అలమరలో పడేశాను. ఏసీకి చలేస్తే మళ్ళీ వేసుకున్నాను.

జూన్‌లో నీతో బాపట్ల వస్తాను. పెద్దమ్మని కూడా పిలువు. సినిమాలో లాగా మేకని పిలిచి ఆవిడని వదిలేస్తే నేను రాను.

ఇంకొకటి. ఈసారి నువ్వు వచ్చినప్పుడు నేను పడుకుని ఉంటే లేపు. జ్వరం ఉన్నా లేపు. పెద్దమ్మ వద్దన్నా లేపు. నువ్వు వెళ్ళాక ఏడుస్తానని అందరూ అంటారు. ఏడిస్తే ఏడుస్తాను. లేపు.

చరిత